కొత్తగా వచ్చిన చిన్న ప్లాట్‌ఫామ్‌కి యాప్ చెయ్యాలా, వద్దా?

మీరు అడిగింది ఇదీ: ఇద్దరే నడుపుతున్న యాప్, ఆండ్రాయిడ్‌లో బాగానే పోతోంది, ఇప్పుడు ఇంకా ఎవరూ పెద్దగా వాడని ఒక కొత్త ప్లాట్‌ఫామ్ (ఆండ్రాయిడ్ లాంటి ఇంకో ఫోన్ ఓఎస్) వాళ్ళు మా దాంట్లోనూ పెట్టండి, కావాలంటే టెస్టింగ్‌కి ఫోన్ కూడా పంపిస్తాం అంటున్నారు, దిగాలా వద్దా అని. నేను ఇలాంటి వాటిలో మూడుసార్లు దిగాను. మొదటిసారి బాగానే మునిగాను కాబట్టి అక్కణ్ణుంచే చెప్తా.

నాది పంచాంగం యాప్. తిథి, నక్షత్రం, రాహుకాలం, పండుగలు, అంతే. 2011లో మైక్రోసాఫ్ట్ వాళ్ళ ఫోన్ ఓఎస్, విండోస్ ఫోన్ 7 చూసి మనసు పారేసుకున్నాను, అప్పటి చవక ఆండ్రాయిడ్ ఫోన్ల పక్కన పెడితే నిజంగా అందంగా ఉండేది. ఆండ్రాయిడ్ కోసం జావాలో రాసుకున్న లెక్కలన్నీ కూర్చుని, ఆ ఫోన్‌కి కావాల్సిన సీ షార్ప్ భాషలో మళ్ళీ రాశాను. రాయడానికి రెండు నెలలు పట్టింది, అదేం బాధ కాదు, సరదాగానే గడిచింది. అసలు కష్టం తర్వాత మొదలైంది. 2012లో అధిక భాద్రపదం వచ్చింది. అధిక మాసం లెక్క జావాలో సరిచేశాను, సీ షార్ప్‌లో మర్చిపోయాను. సెప్టెంబర్ 19న రావాల్సిన వినాయక చవితి ఆ యాప్‌లో ఆగస్టులోనే వచ్చేసింది. ఒక పెద్దాయన మెయిల్ రాశారు: "బాబూ, మార్కెట్లోకి పత్రి కూడా రాలేదు, మీ ఫోన్లో చవితి అయిపోయింది." తప్పు పూర్తిగా నాదే. గేదెను కొన్న రోజు ఎవరికైనా సంబరంగానే ఉంటుంది, మేత సంగతి తర్వాత కదా తెలిసేది.

అదే ఏడు జూన్‌లో విండోస్ ఫోన్ 8 ప్రకటించారు. లోపల పునాదిగా ఉన్న విండోస్ సీఈ తీసేసి, కంప్యూటర్ విండోస్‌లో ఉండే ఎన్‌టీ కెర్నల్ పెట్టారు, అందుకని 7 ఉన్న ఫోన్లకి 8 రాదని తేలింది. పాత యాప్‌లు కొత్త ఫోన్లలో నడిచేవి కాబట్టి నాది వెంటనే పోలేదు కానీ, నన్ను నమ్మి ఫోన్ మార్చుకోని వాళ్ళకి ఒకటి, కొత్తవాళ్ళకి ఇంకొకటి చూసుకోవాల్సి వచ్చింది. చివరికి వదిలేశాను. ఆ సీ షార్ప్ కోడ్‌లో ఒక్క లైను కూడా తర్వాత ఎక్కడా పనికి రాలేదు.

రెండోసారి 2014లో, మొజిల్లా వాళ్ళ ఫైర్‌ఫాక్స్ ఓఎస్. ఆ ఆగస్టులో ఇంటెక్స్ క్లౌడ్ ఎఫ్‌ఎక్స్ 1,999 రూపాయలకి వచ్చింది, 128 ఎంబీ ర్యామ్. ఈసారి కాస్త బుద్ధి వచ్చింది. ఆ ఫోన్లో యాప్ అంటే వెబ్ పేజీయే, హెచ్‌టీఎంఎల్, జావాస్క్రిప్ట్. కాబట్టి లెక్కలన్నీ ఒకే జావాస్క్రిప్ట్ ఫైల్లోకి తెచ్చి, ఆండ్రాయిడ్‌లో కూడా వెబ్‌వ్యూ (యాప్ లోపలే వెబ్ పేజీ చూపించే భాగం) పెట్టి అదే ఫైల్ వాడటం మొదలుపెట్టాను. ఆ చవక ఫోన్లో జీపీఎస్‌ని నమ్ముకోలేను, రాహుకాలానికేమో ఊరి సూర్యోదయం కావాలి (పగటిని ఎనిమిది భాగాలు చేసి వారాన్ని బట్టి ఒక భాగం తీసుకుంటాం కదా). హైదరాబాద్‌కీ శ్రీకాకుళానికీ సూర్యోదయంలో సుమారు 20 నిమిషాల తేడా. అందుకని ఊళ్ళ జాబితా పెట్టి, మీ ఊరు మీరే ఎంచుకోండి అన్నాను. గత్యంతరం లేక చేసిన ఆ పని ఆండ్రాయిడ్‌లో అందరికంటే ఎక్కువగా డల్లాస్‌లో ఉన్న తెలుగువాళ్ళకి నచ్చింది. అక్కడి తిథి ఒకటీ, ఇంట్లో అమ్మ చెప్పే తిథి ఒకటీ, రెండూ చూసుకోవాలి వాళ్ళకి.

2015 డిసెంబర్‌లో మొజిల్లా ఆ ఫోన్లు ఆపేస్తున్నామని చెప్పింది. ఈసారి నాకు పెద్దగా బాధ అనిపించలేదు, ఫైల్ నా దగ్గరే ఉంది, ఆండ్రాయిడ్‌లో నడుస్తూనే ఉంది.

ఆ తర్వాత ఫైర్‌ఫాక్స్ ఓఎస్ నుంచే పుట్టిన కైఓఎస్ వచ్చింది, 2017లో 1,500 డిపాజిట్‌తో ఇచ్చిన జియోఫోన్ అదే. టెస్టింగ్‌కి మాత్రం అదే ఓఎస్ ఉన్న నోకియా 8110 4జీ కొన్నాను, పసుపు రంగు, అరటిపండు ఫోన్ అనేవాళ్ళు. అందులో *#*#33284#*#* కొడితే డీబగ్ మోడ్ (మన యాప్ నేరుగా ఎక్కించి చూసుకునే వీలు) తెరుచుకునేది. యాప్ ఎక్కించి చూస్తే స్వాతి నక్షత్రం 'సాతి' అయింది, ఉత్తర 'ఉతర' అయింది. 240 బై 320 తెర మీద ఎక్కువ వరసలు ఇరికించాలన్న ఆశతో లైన్ హైట్ (ఒక్కో వరసకి ఇచ్చే ఎత్తు) 1.1 పెట్టాను, కిందున్న వత్తులన్నీ తెగిపోయాయి. ఏడు వరసలు ఐదు చేసి సరిచేశాను. ఊరికే అనుమానమొచ్చి ఆండ్రాయిడ్‌లో ఫాంట్ పెద్దది చేసి చూస్తే, అక్కడా అంతే! కళ్ళజోడు పెట్టుకునే పెద్దవాళ్ళందరికీ ఎన్నేళ్ళుగా వత్తుల్లేని పంచాంగం చూపించానో ఏమో, ఒక్కరూ చెప్పలేదు.

డబ్బు సంగతి తొందరగా చెప్పేస్తా: మూడింటిలోనూ చెప్పుకోదగ్గది ఏమీ రాలేదు. వాళ్ళు ఫోన్ పంపిస్తామంటే సంతోషంగా తీసుకోండి, అది మీ యాప్ వాళ్ళకి అవసరమని చెప్పడమే తప్ప జనం వస్తారని హామీ కాదు. బ్లాక్‌బెర్రీ 2013 జనవరిలో యాప్‌కి 100 డాలర్లు ఇచ్చి మరీ యాప్‌లు పోగేసింది, అయినా ఆ ఫోన్లు నిలబడలేదని మనకి తెలిసిందే. నేనైతే ఎంతమంది వాడుతున్నారన్న దాని కంటే అందులో వాట్సాప్ ఉందా అన్నది చూస్తాను. జియోఫోన్‌కి 2018 సెప్టెంబర్‌లో వచ్చింది, మా బంధువుల్లో ఆ ఫోన్‌ని నిజంగా వాడటం మొదలుపెట్టింది అప్పుడే. విండోస్ ఫోన్లలో 2019 చివరికి ఆగిపోయింది, ఇక ఆ తర్వాత దాన్ని పట్టుకుని ఉన్నవాళ్ళు నాకు తెలిసి ఒక్కరే, ఆయనా అలారం కోసం.

అందుకని మీకు నేను వేసే ప్రశ్న ఒకటే. మీ యాప్‌లో లెక్కలు చేసే భాగం, తెర మీద చూపించే భాగం విడివిడిగా ఉన్నాయా? ఉంటే, ఆ ప్లాట్‌ఫామ్ మీరు కోడ్ రాసిన భాషనే నడపగలిగితే, ఒక పదిహేను రోజులు పెట్టి చూడండి, స్టోర్‌లో పెట్టకముందే ఏడాదికి ఎన్నిసార్లు మార్పులు చెయ్యాల్సి వస్తుందో కాగితం మీద రాసుకోండి. మొత్తం వాళ్ళ భాషలో మళ్ళీ రాయాల్సి వస్తే మాత్రం, ఇద్దరే ఉన్నారు కాబట్టి, వద్దు అంటాను. ఫోన్ ఇస్తామన్న వాళ్ళకి ఆ మాటే మర్యాదగా చెప్పి, ముందు ఆ రెండు భాగాలూ విడదీసే పని మొదలుపెట్టండి, ఎలాగూ ఆండ్రాయిడ్‌లో అది ఎప్పటికైనా చెయ్యాల్సిందే. మీ కోడ్ ఎలా ఉందో కింద రాస్తే ఇంకాస్త వివరంగా చెప్తాను.