మొదటి రిమోట్ ఓడ కిట్ కొనేముందు: మేనల్లుడికి ఉత్తరం

చిరంజీవి శ్రీనుకి,

మావయ్య ఆశీస్సులు. రిమోట్‌తో నడిచే ఓడ కిట్ ఒకటి, జలాంతర్గామి కిట్ ఒకటి కొంటానన్నావు. రెండూ ఒకేసారి వద్దురా. ముందు ఓడ కొను. అది కూడా యుద్ధనౌక కాదు, కాకినాడ రేవులో బార్జీలను లాగే టగ్గు లాంటి వెడల్పాటి పనిపడవ. ఈ వానాకాలం, చలికాలం దాన్ని నడుపు. జలాంతర్గామి సంగతి ఆ తర్వాత.

డబ్బా మీద బొమ్మ చూసి కాక, ఆ పడవ ఎంత బరువు మోస్తుందో చూసి కొనాలి. పడవ పక్కకి తోసిన నీళ్ల బరువెంతో, అది మోసే మొత్తం బరువు అంత. స్కేలు తగ్గేకొద్దీ పొడవు ఎన్నో వంతుకి తగ్గితే, బరువు ఆ వంతు ఘనం చొప్పున తగ్గిపోతుంది. అంటే పొడవు సగమైతే బరువు ఎనిమిదో వంతే. మన యుద్ధనౌక ఐఎన్ఎస్ కోల్‌కతా పొడవు 163 మీటర్లు, వెడల్పు 17.4 మీటర్లు, నిండు బరువు సుమారు 7,400 టన్నులు. 1:200 స్కేలులో, అంటే అసలు ఓడలో రెండొందలో వంతుగా చేస్తే 81 సెంటీమీటర్ల పొడుగు వస్తుంది, చూడ్డానికి ఎంతో పెద్ద ఓడ. కానీ వెడల్పు తొమ్మిది సెంటీమీటర్లు కూడా ఉండదు, మొత్తం బరువు 925 గ్రాములు దాటకూడదు. ఎమర్జెన్సీ లైట్లలో వాడే 6 వోల్టుల 4.5 ఏహెచ్ (ఆంపియర్-అవర్) బ్యాటరీ ఒక్కటే ఏడొందల గ్రాముల పైమాట. ఇక మోటారు, సర్వో (చుక్కానిని తిప్పే చిన్న మోటారు), రంగు, పైన తుపాకులు, రాడార్లు ఎక్కడ పెడతావు? పెట్టినా బరువంతా పైకి చేరి, మలుపు తిరగ్గానే పక్కకి ఒరుగుతుంది. అదే 30 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు, 500 టన్నుల టగ్గుని 1:50లో చేస్తే 60 సెంటీమీటర్లే ఉంటుంది, కానీ నాలుగు కిలోలు మోస్తుంది. పొడవు తక్కువైనా మోసే బరువు నాలుగు రెట్లు. కొత్తవాడి చేతిలో బరువు ఎప్పుడూ అనుకున్నదానికన్నా పెరుగుతుంది. ఆ మిగులు ఉన్న పడవే నిన్ను కాపాడుతుంది.

డబ్బా మీద బరువు రాయకపోతే ఇలా అంచనా కట్టు. నీటి గీత దగ్గర పొడవు, వెడల్పు, నీళ్లలో మునిగే లోతు, మూడూ సెంటీమీటర్లలో తీసుకుని గుణించు. అందులో సగం గ్రాములు అనుకో. 60, 20, 7 గుణిస్తే 8,400, సగం 4,200 గ్రాములు. టగ్గులకి, చేపల బోట్లకి ఈ లెక్క ఇంచుమించు సరిపోతుంది. మూడు కిలోల లోపు వచ్చే కిట్ నీకు వద్దు.

రెండోది, అది నీళ్లలో నడపడానికి చేసిన కిట్టా, బీరువాలో పెట్టుకునేదా అన్నది. 1:350 ప్లాస్టిక్ కిట్లు అందంగా ఉంటాయి. మన కొత్త విక్రాంత్ 262 మీటర్లు, ఆ స్కేలులో 75 సెంటీమీటర్లు వస్తుంది. కానీ వాటి లోపల ప్రొపెల్లర్ షాఫ్టుకి గొట్టం ఉండదు, చుక్కానికి బేరింగు ఉండదు, డెక్కు తెరుచుకోదు. నడిపే కిట్‌కి అడుగు భాగం ఒకే అచ్చులో పోసిన ఏబీఎస్ ప్లాస్టిక్‌దో, ఫైబర్‌దో అయ్యుండాలి. చెక్క పట్టీలు ఒక్కొక్కటే అతికించే కిట్లు నేర్పుగల పనివాడికి. పైగా మన డెల్టా గాలిలో తేమకి పలచటి ప్లైవుడ్ ఉబ్బుతుంది. లోపలా బయటా ఎపాక్సీ రెజిన్ పూయకుండా చెక్క పడవని నీళ్లలో దింపకూడదు. ఫైబర్ బోట్లు చేసేచోట దొరికేది మామూలుగా పాలియెస్టర్ రెజిన్. చెక్కని అది ఎపాక్సీ అంత గట్టిగా పట్టుకోదు, థర్మాకోల్‌ని కరిగించేస్తుంది. అది వాడకు.

ఇక డబ్బాలో ఏముందో అమ్మేవాణ్ణి అడుగు. చేయబోయే పడవ సైజులోనే గీసిన ప్లాను, షాఫ్టు, దాని గొట్టం, ప్రొపెల్లర్, చుక్కాని ఉండాలి. మోటారు, స్పీడ్ కంట్రోలర్, సర్వో, రేడియో, బ్యాటరీ, ఛార్జరు, జిగురు, రంగు మామూలుగా ఉండవు. డెన్మార్క్ బిల్లింగ్ బోట్స్ కిట్లు చాలావాటికి లంగర్లు, కొక్కేలు, రెయిలింగుల లాంటి చిన్న అమరికలు విడిగా కొనుక్కోవాలి. జర్మనీ ఎయిరోనాట్, క్రిక్ కిట్లలో లేజరుతో కోసిన ముక్కలు చక్కగా కూర్చుంటాయి. ఏ కిట్ అయినా దిగుమతి సుంకం, రవాణా కలుపుకుని ధర చూసుకో. ఆ పైన లోపలి సామాను కోసం దాదాపు ఇంకో అంత పక్కన పెట్టుకో. డబ్బు చాలకపోతే చిన్న కిట్‌కి దిగొద్దు. స్ప్రింగర్ టగ్గు అని ఒక నమూనా ఉంది, 18 అంగుళాల పొడవు, 8 అంగుళాల వెడల్పు, పెట్టెలాంటి అడుగు. మూడు మిల్లీమీటర్ల ప్లైవుడ్‌తో ఇంట్లోనే చేయొచ్చు. దాని మీద మన నరసాపురం రేవు పంటు లాంటి డెక్కు కట్టుకున్నా ముచ్చటగా ఉంటుంది.

కిట్ ఫొటోల్లో నేను మొదట చూసేది డెక్కు మూత. బ్యాటరీ నిలువుగా పైకి తీయగలిగేంత పెద్దదిగా ఉండాలి. మూత చుట్టూ కనీసం సెంటీమీటరు ఎత్తు అంచు ఉండాలి, లేకపోతే అల తగిలినప్పుడల్లా నీళ్లు లోపలికే. తర్వాత షాఫ్టు గొట్టం: లోపలి కొస నీటి గీతకన్నా పైన ఉంటే సగం బెంగ తీరినట్టే. దాని నిండా గ్రీజు కూరాలి. మోటారు, షాఫ్టు ఒకే గీతలో లేకపోతే ఆ రెండిటినీ కలిపే కప్లింగు టకటకలాడుతుంది, కరెంటు ఎక్కువ లాగుతుంది, కొన్నాళ్లకి షాఫ్టు గొట్టంలోని బుష్ అరిగి నీళ్లు ఊరతాయి. మోటారుని బిగించేముందు షాఫ్టుని చేత్తో తిప్పి చూడు, ఎక్కడా పట్టకూడదు.

టగ్గుకి వేగం అక్కర్లేదు, నిదానంగా తిరిగే మోటారు చాలు. స్పీడ్ కంట్రోలర్ ముందుకీ వెనక్కీ తిప్పేది అయ్యుండాలి. విమానాలకి వాడేది వెనక్కి తిప్పదు. మోటారు బిగుసుకుపోయినప్పుడు లాగే కరెంటుకన్నా కంట్రోలర్ సామర్థ్యం ఎక్కువుండాలి, ఎందుకంటే మన కాలువల్లో, చెరువుల్లో గుర్రపుడెక్క వేరు ప్రొపెల్లర్‌కి చుట్టుకోవడం మామూలే. తెగిన గాలపు దారం ఇంకా ప్రమాదం. చుట్టుకున్న మరుక్షణం కంట్రోలర్ కాలుతుంది. బ్యాటరీకీ కంట్రోలర్‌కీ మధ్య బైకు మెకానిక్ దగ్గర దొరికే పది ఆంపియర్ల ఫ్యూజు వెయ్యి, మోటారుకి తగ్గట్టు మార్చుకో. రెండు మోటార్లు, రెండు కంట్రోలర్లు ఉంటే ఒక కంట్రోలర్ నుంచి రిసీవర్‌కి (పడవలో రిమోట్ సిగ్నల్ అందుకునే డబ్బీకి) వెళ్లే ఎర్ర తీగ తీసెయ్యాలి, లేకపోతే రెండూ ఒకేసారి రిసీవర్‌కి కరెంటు పంపి పోట్లాడుకుంటాయి.

బ్యాటరీ విషయంలో మొదటి పడవకి సీసం బ్యాటరీనే మేలు. ఎలాగూ అడుగున బరువు కావాలి. మందు కొట్టే స్ప్రేయర్ల 12 వోల్టుల 8 ఏహెచ్ బ్యాటరీ మన ఊళ్లో ప్రతి ఎరువుల కొట్టులో ఉంటుంది, కానీ అది రెండు కిలోల పైమాట, నాలుగు కిలోల టగ్గుకి ఎక్కువ. 6 వోల్టులది పెట్టుకో. లిథియం పాలిమర్ బ్యాటరీ తేలిక, శక్తి ఎక్కువ, కానీ తడిసినా ఉబ్బినా మంట అంటుకోగలదు. మండుటెండలో కారులో వదిలేయకూడదు.

రేడియో 2.4 గిగాహెర్ట్జ్‌ది, నాలుగు ఛానళ్లది కొను. సిగ్నల్ పోతే మోటారు ఆగిపోయేలా ఫెయిల్‌సేఫ్ అమర్చుకోగలిగేది కావాలి. రిసీవర్‌ని డెక్కు కిందనే, నీటి గీతకి పైన అంటించు.

రంగు వేయకముందే పెద్ద సిమెంటు తొట్టిలో పెట్టి చూడు. లోపలి సామానంతా పెట్టి, నీటి గీత వచ్చేదాకా సీసం వెయ్యి. విసురు వల అంచుకి కట్టే సీసపు గుళ్లు వలల కొట్టులో తూకానికి దొరుకుతాయి. చిన్న సంచుల్లో పోసి, ముందూ వెనకా జరుపుతూ సరిచేసి, చివర్లో అంటించాలి. పక్క అంచుని వేలితో నీటి దాకా నొక్కి వదులు. వెంటనే లేచి నిలబడాలి. ఆలోచిస్తూ మెల్లిగా లేస్తే పైబరువు ఎక్కువైనట్టు, సీసం ఇంకా కిందికి పోవాలి. అరగంట అలాగే ఉంచి, షాఫ్టు దగ్గరా చుక్కాని దగ్గరా పొడి కాగితం పెట్టి చెమ్మ చూడు.

ఎక్కడ నడపాలి అన్నది కిట్ ఎంపికలో భాగమే. 1:50 టగ్గు సరైన స్కేలు వేగం గంటకి మూడు కిలోమీటర్లే. నిండుగా పారే కాలువ దాన్ని సునాయాసంగా తీసుకుపోతుంది. నిలవ నీటి ఊరచెరువే సరి. రొయ్యల చెరువుల జోలికి పోవద్దు. వైరస్ భయంతో రైతులు బయటి వస్తువు ఏదీ నీళ్లలో పెట్టనివ్వరు, అది న్యాయమే. ఏరియేటర్లకి పోయే కరెంటు తీగలు గట్టు మీదే ఉంటాయి. పడవ మధ్యలో ఆగిపోతే నీళ్లలోకి దిగకు. గాలపు కర్ర దారానికి టెన్నిస్ బంతి కట్టి అవతలికి విసిరి, దారంతో మెల్లగా లాక్కో.

ఇప్పుడు జలాంతర్గామి. విశాఖ బీచ్‌లో ఉన్న ఐఎన్ఎస్ కురుసురా 91.3 మీటర్లు, 1:72లో 127 సెంటీమీటర్లు అవుతుంది. మొదటిదానికి మీటరు పొడవు చాలు. అరచేతిలో పట్టే బొమ్మ జలాంతర్గాములు తొట్టి దాటి పనికిరావు.

అవి రెండు రకాలు. ఒకటి ముందుకి పోతూ రెక్కలు వంచి కిందికి దిగేది. ఇది ఎప్పుడూ కొంచెం తేలేలా ఉంటుంది, మోటారు ఆగితే దానంతటదే పైకి వస్తుంది. రెండోది లోపలి ట్యాంకులోకి నీళ్లు తీసుకుని నిలిచినచోటే మునిగేది. జర్మనీ ఎంగెల్ కిట్లలో పిస్టన్ ట్యాంకులు ఇలాంటివే, పనితనం గొప్పది, ధరా గొప్పదే. నీకు మొదటి రకం. బరువు సర్దేటప్పుడు పైగోపురం ఒక అంగుళం నీళ్లపైన కనిపించేలా ఉంచు. నురుగు ముక్కలు పైన, సీసం అట్టడుగున. తలకిందులైతే అది మునిగాక బోర్లాపడుతుంది.

కొనేముందు తప్పక అడగాల్సింది రేడియో. 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలు నీళ్లలో జానెడు దిగేసరికి చచ్చిపోతాయి. 27, 40, 75 మెగాహెర్ట్జ్ లాంటివే మంచినీళ్లలో కొన్ని మీటర్ల లోతుకి పనిచేస్తాయి. మన దేశంలో 2.4 గిగాహెర్ట్జ్, 27 మెగాహెర్ట్జ్ తక్కువ శక్తి రేడియోలకి లైసెన్సు అక్కర్లేదు. మిగతావి నిబంధనలు చూసుకునే తెప్పించుకో. ఉప్పునీళ్లలో ఏ రేడియో అయినా దాదాపు అక్కడికక్కడే ఆగిపోతుంది. అందుకే కాకినాడ, యానాం వైపు ఉప్పుటేర్లలో జలాంతర్గామి వద్దు. బరువు కూడా మారిపోతుంది. సముద్రపు నీరు మంచినీటికన్నా రెండున్నర శాతం బరువు. చెరువులో సర్దిన అయిదు కిలోల జలాంతర్గామికి సముద్రంలో మరో 125 గ్రాముల సీసం వెయ్యకపోతే మునగనే మునగదు.

బ్యాటరీ, మోటారు, రిసీవర్ పెట్టే, నీళ్లు లోపలికి రానివ్వని గొట్టం జలాంతర్గామికి ప్రాణం. పారదర్శకమైన గొట్టం ఉన్న కిట్ ఎంచుకో, చుక్క నీరు చేరినా కళ్లకి కనిపిస్తుంది. మూతల ఓ-రింగులకి (నీళ్లు ఆపే రబ్బరు రింగులకి) సిలికాన్ గ్రీజు పుయ్యాలి. వెంట్రుక ఒకటి అడ్డం పడినా కారుతుంది. ప్రతిసారీ దింపేముందు సిరంజితో కాస్త గాలి ఎక్కించి, బకెట్లో ముంచి బుడగలు చూడు. మూత బిగించి ఛార్జింగు ఎప్పుడూ పెట్టకు, బ్యాటరీ నుంచి వచ్చే హైడ్రోజన్ లోపల పేరుకుంటే నిప్పురవ్వ చాలు. ఆ గొట్టం చుట్టూ ఉండే, నీళ్లు నిండే బయటి డొప్పకి పైన గాలి పోయే రంధ్రాలు సరిపడా లేకపోతే ఒక మూల గాలి చిక్కుకుని వంకరగా మునుగుతుంది. ఉన్న రంధ్రాలు చాలకపోతే వెనకవైపు రెండు పెట్టుకో.

వరద రోజుల్లో ఎర్రనీరు, మిగతా రోజుల్లో పచ్చనీరు, మన నీళ్లలో జానెడు లోతులో ఏదీ కనపడదు. పెరిస్కోపు కొసకి నారింజ రంగు వేసి, అది నీళ్ల పైన కనిపించే లోతులోనే నడుపు. మొదటి పది సార్లూ నైలాన్ దారం చివర చిన్న బెండు కట్టి వదులు, దారం ప్రొపెల్లర్‌కి దూరంగా ముందు భాగానికి కట్టాలి.

నువ్వు చూసిన కిట్ల పేజీలు పంపు. పొడవు, వెడల్పు, లోతు, డబ్బాలో ఏముందో, షాఫ్టూ ప్రొపెల్లరూ ఓ-రింగులూ విడిగా దొరుకుతాయో లేదో, ఇవన్నీ కనపడేలా పంపు. అక్కకీ బావకీ నమస్కారాలు చెప్పు.

మావయ్య
అమలాపురం