కర్రీ పాయింట్ మూసెయ్యాలా, ఇంకొన్నాళ్లు లాగాలా?

ప్రశ్న: అక్కా, నమస్తే. మాది ఒంగోలు దగ్గర పల్లెటూరు. రెండున్నరేళ్లుగా బెంగళూరు మారతహళ్లిలో కర్రీ పాయింట్ నడుపుతున్నాం, నేనూ మా ఆవిడా. మొదట్లో రోజుకి 9,000 దాకా అమ్మేవాళ్లం, పక్క బిల్డింగ్‌లో ఆఫీసు ఖాళీ అయ్యాక 6,000 దాటట్లేదు. సరుకు, గ్యాస్, ప్యాకింగ్ కలిపి రూపాయికి 60 పైసలు పోతుంది. అద్దె 32,000, ఇద్దరు కుర్రాళ్ల జీతాలు 36,000, కరెంటు, నీళ్లు 6,000. మా ఆవిడ బంగారం పెట్టి 4 లక్షలు తెచ్చాం, దాని వడ్డీ నెలకి 4,000. రాత్రి షట్టర్ దించేటప్పుడు పప్పు గిన్నె సగం అలాగే ఉంటోంది. మా బావ మూసెయ్యమంటాడు, మా నాన్నేమో ఓపిక పట్టరా, ఏ వ్యాపారమైనా కుదురుకోవడానికి మూడేళ్లు పడుతుంది అంటాడు. ఎవరి మాట వినను?

జవాబు: తమ్ముడూ, ఇద్దరి మాటా కాసేపు పక్కన పెట్టు, లెక్క చూద్దాం. నెలకి అమ్మకం 1,80,000, సరుకూ గ్యాసూ పోను 72,000 మిగులుతోంది, అద్దె, జీతాలు, కరెంటుకి 74,000, పైన వడ్డీ 4,000, అంటే నెలకి 6,000 చేతి డబ్బు పడుతోంది. ఇంతేనా అనుకోకు. తెల్లారకుండా లేచి ఉల్లిపాయలు కోసే మీ ఇద్దరి కష్టానికి ఇందులో ఒక్క రూపాయి వెయ్యలేదు. ఇదే పని ఇంకొకరి దగ్గర చేస్తే తలా 20,000 ఇస్తారనుకుందాం, అదీ కలిపితే నష్టం 46,000. మన ఇళ్లల్లో ఈ లెక్క ఎవరూ వెయ్యరు, అందులో ఇంటి ఆడమనిషి కష్టం అసలు లెక్కలోకే రాదు, నాకు బాధ కలిగేది అక్కడే.

అయినా నీ వంటలో నష్టం లేదు. రూపాయి అమ్మితే 40 పైసలు మిగులుతోంది కదా, వండినకొద్దీ నష్టమొచ్చే పనైతే రేపే మూసెయ్యమనేదాన్ని. నిన్ను తినేస్తున్నది ఆ షాపు అద్దె. ఆఫీసు వాళ్లు నడుచుకుంటూ వస్తారని అంత అద్దెకి ఒప్పుకున్నావు, ఇప్పుడు ఆ జనమే లేరు. జనం ఉండి పక్క షాపుకి వెళ్తుంటే రుచో రేటో సరిచేసుకుని ఓపిక పట్టొచ్చు, జనమే ఏరియా వదిలి వెళ్లిపోతే ఎంత ఓపిక పట్టినా తిరిగి రారు కదా.

స్విగ్గీ పెట్టిన వాళ్లలో శ్రీహర్ష మాజేటి, నందన్ రెడ్డి అంతకు ముందు 2013లో బండిల్ అని కొరియర్ల పని మొదలుపెట్టారు, అది సాగట్లేదని 2014లో ఆపేసి, అదే ఏడాది ఇదే బెంగళూరులో కోరమంగళ నుంచి భోజనాల డెలివరీకి వచ్చారు. సరుకు చేరవేసే పని వదల్లేదు, ఏ సరుకు అన్నది మార్చారు. కానీ వాళ్లు ఏళ్ల తరబడి నష్టాల్లో నడిచారు కాబట్టి నేనూ నడుస్తా అనుకోకు. వాళ్ల వెనక ఇన్వెస్టర్ల డబ్బుంది, నీ వెనక ఉన్నది మీ ఆవిడ బంగారం.

కె.ఆర్.పురంలో నేను బ్లౌజుల షాపు పెట్టి మూసేశాను. మూసెయ్యాలని తెలిశాక కూడా ఎనిమిది నెలలు తెరిచే ఉంచా, ఊళ్లో ఏమనుకుంటారో అని. పొద్దున్నే వెళ్లి మిషన్లు తుడిచి, గిరాకీ లేక సాయంత్రం దాకా కూర్చుని, మళ్లీ కవర్లు కప్పి వచ్చేసేదాన్ని. ఆ ఎనిమిది నెలల అద్దె తీర్చడానికి రెండేళ్లు పట్టింది. ఊళ్లో వాళ్లు వారం మాట్లాడుకుని మర్చిపోయారు.

అందుకే నా మాటగా చెప్తున్నా, షాపు వదులు, పొయ్యి ఆర్పకు. లోపలి వీధిలో 14,000 లోపు చిన్న గది చూసుకో, ఒక్క కుర్రాడిని ఉంచుకో, రెండోవాడికి ముందే చెప్పు, వాడూ పని వెతుక్కోవాలి కదా. ఆ అద్దె, ఒక జీతం, కరెంటు, వడ్డీ, మీ ఇద్దరి 40,000 కలిపి అప్పుడు సరుకూ గ్యాసూ పోను నెలకి 82,000 మిగలాలి, అంటే రోజుకి దాదాపు 6,800 అమ్మాలి. కౌంటర్ మీద అంత రాదు. చుట్టుపక్కల మనవాళ్ల పీజీలు బోలెడున్నాయి, వాళ్లకి బాక్సులు కట్టే పని అడుగు. పీజీ వాళ్లు రేటు తెగ బేరమాడతారు, 60 పైసల ఖర్చు 75 అయ్యే రేటుకి మాత్రం ఒప్పుకోకు. పాత గిరాకీలో ఎవరి నంబర్లు ఉన్నాయో వాళ్లకి మెసేజ్ పెట్టి ఎక్కడికి మారారో కనుక్కో.

దీనికి ఆర్నెల్లు గడువు పెట్టుకో. అప్పటికి 5,500 కూడా దాటకపోతే మీ బావ చెప్పినట్టు మూసెయ్యి, ఇంకో చోట వంట మాస్టర్‌గా చేరు. ఈలోగా ఇంకో రూపాయి అప్పు తేకు, ఆ తేదీ మీ ఆవిడ చేత క్యాలెండర్ మీద రాయించు, నువ్వు రాసుకుంటే జరుపుతావు.

ముందు ఇవాళే అగ్రిమెంట్ తీసి ఖాళీ చెయ్యడానికి నోటీసు ఎన్ని నెలలు ఇవ్వాలో చూడు, రంగులకని అడ్వాన్సులో ఎంత కోస్తారో కూడా ఓనర్‌ని అడుగు. కొత్త గది అడ్వాన్సు పోను మిగిలింది నేరుగా బంగారం లోన్‌కి కట్టెయ్యి, గడువు దాటితే వాళ్లు నోటీసు ఇచ్చి వేలం వేస్తారు.