గడ్డకట్టిన వీర్యంలో జీవం ఎలా నిలుస్తుంది?

ప్రశ్న: మా ఆవు ఎదకు వచ్చినప్పుడు పశువైద్యశాలలో కృత్రిమ గర్భధారణ చేయిస్తున్నాం. పొగలు వచ్చే డబ్బాలోంచి సన్నని గొట్టం తీసి, గోరువెచ్చని నీళ్లలో ముంచి వాడుతున్నారు. అంత చలిలో వీర్యం ఎలా బతికి ఉంటుంది? ఈ పద్ధతి ఎప్పుడు మొదలైంది?
– ఒక పాడి రైతు, ప్రకాశం జిల్లా

జవాబు: ఆలోచన పాతదే. 1780లో ఇటలీ శాస్త్రవేత్త స్పల్లంజాని ఒక ఆడకుక్కపై ఈ ప్రయోగం చేయగా అది మూడు పిల్లలను పెట్టింది. ఇరవయ్యో శతాబ్ది తొలినాళ్లలో రష్యాకు చెందిన ఇల్యా ఇవానోవ్ దీనిని పశువుల పెంపకంలోకి తెచ్చారు. 1936లో డెన్మార్క్ రైతులు సామ్సో దీవిలో ఇందుకోసమే సహకార సంఘం పెట్టుకున్నారు. మన దేశంలో 1939లో మైసూరు ప్యాలెస్ డైరీ ఫారంలో సంపత్ కుమారన్ తొలిసారి ఆవులకు ఈ పద్ధతిని వాడారు.

అయితే అసలు చిక్కు నిల్వ దగ్గరే ఉండేది. వీర్యాన్ని ఒక్కసారిగా చల్లబరిస్తే వీర్యకణాల పైపొర దెబ్బతింటుంది. అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో ఫిలిప్స్, లార్డీ 1940 ప్రాంతంలో అందులో కోడిగుడ్డు పచ్చసొన కలిపి ఈ నష్టాన్ని తగ్గించారు. దాంతో వీర్యాన్ని 5 డిగ్రీల వద్ద రెండు మూడు రోజులు నిల్వ ఉంచడం సాధ్యమైంది.

గడ్డకట్టించడం అంతకంటే కష్టం, ఎందుకంటే నీరు మంచు స్ఫటికాలుగా మారేటప్పుడు కణాలు చితికిపోతాయి, మిగిలిన ద్రవంలో లవణాల గాఢత కూడా ప్రమాదకరంగా పెరుగుతుంది. లండన్ మిల్ హిల్‌లోని పరిశోధనాలయంలో పోల్జ్, స్మిత్, పార్క్స్ కోడిపుంజు వీర్యంపై ఫ్రక్టోజ్ ద్రావణం వాడి విఫలమయ్యారు. కొన్ని నెలల తరువాత అదే అనుకుని తీసిన సీసాలోని ద్రావణం మాత్రం చక్కగా పనిచేసింది. ఆ సంతోషంతో ఆగిపోకుండా వారు దానిని రసాయన పరీక్ష చేయించారు. నాకు ఈ చరిత్రలో అత్యంత గౌరవం కలిగించేది ఆ శ్రద్ధే. సీసాలో చక్కెర లేనే లేదు, చీటీలు తారుమారై గ్లిజరాల్ అనే చిక్కని ద్రవం ఉన్న ద్రావణం చేతికి వచ్చింది. గడ్డకట్టేటప్పుడు జరిగే నష్టం నుంచి కణాలను కాపాడింది ఆ గ్లిజరాలే. 1949లో ఆ ఫలితం ప్రచురితమైంది. కొద్ది ఏళ్లలోనే గడ్డకట్టిన ఆబోతు వీర్యంతో దూడలు పుట్టాయి.

మీరు చూసిన పొగ నిజానికి పొగ కాదు, మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజని చలికి గాలిలోని తేమ మంచుపొగలా కనిపిస్తుంది. ఆ చలిలో కణంలోని రసాయన చర్యలన్నీ దాదాపు నిలిచిపోతాయి కాబట్టి వీర్యం ఏళ్ల తరబడి చెడదు. వాడేముందు స్ట్రాను, అంటే మీరు చూసిన సన్నని గొట్టాన్ని, 37 డిగ్రీల నీటిలో సుమారు అర నిమిషం ఉంచి కరిగిస్తారు. డబ్బాలో నత్రజని తగ్గినా, స్ట్రాను పైకి తీసి కాసేపు ఉంచి మళ్లీ లోపల పెట్టినా కణాలు చనిపోతాయి. ఆవు పదేపదే చూడి నిలవకపోతే దాని ఆరోగ్యంతో పాటు డబ్బాలో నత్రజని మట్టం గురించి కూడా వైద్యుడిని అడగండి.