సగం స్కాలర్‌షిప్ కన్నా చిన్న ఊరి అసిస్టెంట్‌షిప్పే మేలు

ప్రశ్న: మాది తెనాలి దగ్గర ఒక పల్లె. ప్రభుత్వ హైస్కూలులో స్కూల్ అసిస్టెంట్‌గా చేస్తున్నాను. రిటైర్మెంట్ ఇంకా ఐదేళ్లుంది. మా అమ్మాయి ఎంఏ ఇంగ్లిష్ చేసి, ఏడాదిగా డిగ్రీ కాలేజీలో గెస్ట్ లెక్చరర్‌గా ఉంది. అమెరికాలో ఇంగ్లిష్ సాహిత్యంలోనే మళ్లీ ఎంఏ, ఆ తర్వాత పీహెచ్‌డీ చేయాలని దాని ఆశ. రెండు చోట్ల సీటు వచ్చింది. పెద్ద నగరంలోని పేరున్న ప్రైవేటు యూనివర్సిటీ సగం ఫీజు స్కాలర్‌షిప్‌గా ఇస్తామంది. మిగతా ఫీజు ఏడాదికి 22 వేల డాలర్లు, ఉండటానికి, తిండికి మరో 22 వేలు. రెండోది చిన్న ఊళ్లోని స్టేట్ యూనివర్సిటీ. అక్కడ టీచింగ్ అసిస్టెంట్‌షిప్ ఇస్తూ ట్యూషన్ ఫీజు మొత్తం మాఫీ చేసి, తొమ్మిది నెలలకు 18 వేల డాలర్లు ఇస్తామన్నారు. అసిస్టెంట్ అంటే ఏదో గుమాస్తా పని కదా, చదువు పాడవుతుంది, పేరున్న చోటికే పంపమని బంధువులు అంటున్నారు. ఇంటి మీద 40 లక్షల లోన్, స్థలం అమ్మితే 25 లక్షలు, జీపీఎఫ్ నుంచి 15 లక్షలు సర్దుదామనుకుంటున్నాను. వెళ్లాక ప్రొఫెసర్లను కలిస్తే రీసెర్చ్ అసిస్టెంట్‌షిప్ దొరుకుతుందని మా ఎదురింటి ఇంజినీరింగ్ అబ్బాయి చెబుతున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: మాస్టారూ, స్థలం అమ్మకానికి పెట్టకండి. ఇంటి కాగితాలు బ్యాంకులో ఇవ్వకండి. అమ్మాయిని ఆ చిన్న ఊరి యూనివర్సిటీకే పంపండి. ఎందుకో లెక్క వేసి చెబుతాను.

ప్రైవేటు యూనివర్సిటీకి ఏడాదికి 44 వేల డాలర్లు, రెండేళ్లకు 88 వేలు. డాలరు 90 రూపాయలు అనుకుంటే 79 లక్షల పైచిలుకు. మీరు సర్దుదామనుకున్న మూడూ కలిపితే 80 లక్షలు. అంటే ఇల్లు, స్థలం, జీపీఎఫ్ మూడూ పెట్టేశాక విమానం టికెట్టుకు కూడా మిగలదు. డాలరు రెండు రూపాయలు పెరిగితే లక్షా 76 వేలు కొత్తగా వెతుక్కోవాలి. ఇక 40 లక్షల లోన్ పదిన్నర శాతం వడ్డీతో పదేళ్లలో తీర్చాలంటే నెలకు దాదాపు 54 వేలు కట్టాలి. చదువుకునే రెండేళ్లలో పేరుకునే వడ్డీ దీనికి అదనం. మీ జీతం ఇంకా ఐదేళ్లే. ఆ తర్వాత ఆ కిస్తీ మీ పెన్షన్ మీద పడుతుంది.

అమ్మాయి అక్కడ ఉద్యోగం చేసి తీరుస్తుందని అనుకుంటున్నారేమో. ఇక్కడే ఇంజినీరింగ్ పిల్లలకూ, సాహిత్యం పిల్లలకూ పెద్ద తేడా ఉంది. చదువు అయ్యాక అమెరికాలో ఓపీటీ (చదువుకు సంబంధించిన పని అనుభవానికి ఇచ్చే అనుమతి) కింద ఉద్యోగం చేసుకోవడానికి అందరికీ 12 నెలలు ఇస్తారు. ఎదురింటి అబ్బాయి లాంటి స్టెమ్ కోర్సుల (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) వాళ్లకు ఇంకో 24 నెలలు పొడిగింపు ఉంటుంది. ఇంగ్లిష్ సాహిత్యానికి ఆ పొడిగింపు లేదు. ఏడాదిలో ఉద్యోగం చూసుకుని, దానిలో స్థిరపడి, డాలర్లలో అప్పు తీర్చడం అన్నది ఆ పిల్లకు చాలా బరువు. అది సరదాపడి చదువుకునే చదువు మీద నెలనెలా ఆ టెన్షన్ పెట్టడం నాకు ఇష్టం లేదు.

ఇప్పుడు ఎదురింటి అబ్బాయి మాట. అతను చెప్పింది తప్పు కాదు, కానీ అది అతని కోర్సుకు సంబంధించిన మాట. ఇంజినీరింగ్, సైన్స్ ప్రొఫెసర్లకు ప్రభుత్వ సంస్థల నుంచీ, కంపెనీల నుంచీ ప్రాజెక్టుల డబ్బు వస్తుంది. ల్యాబ్‌లో మనుషులు కావాలి. కాబట్టి సెమిస్టర్ మధ్యలో వెళ్లి అడిగినా ఎవరో ఒకరు తీసుకునే వీలుంటుంది. ఇంగ్లిష్ ప్రొఫెసర్‌కు ల్యాబ్ ఉండదు. ఆయనకు కావలసింది లైబ్రరీ, కాస్త తీరిక. ఆ డిపార్ట్‌మెంట్లో రీసెర్చ్ అసిస్టెంట్‌షిప్పులు ఉన్నా వేళ్ల మీద లెక్కపెట్టేన్ని ఉంటాయి. ఏదైనా పత్రిక సంపాదకత్వంలో సాయం, పాత రాతప్రతుల్ని డిజిటల్‌గా ఎక్కించే పని, ఒక ప్రొఫెసర్ రాస్తున్న పుస్తకానికి ఆధారాలు వెతికిపెట్టడం లాంటివి. అవి చాలావరకు అప్పటికే ఆ డిపార్ట్‌మెంట్లో ఉన్న పీహెచ్‌డీ వాళ్లకే వెళ్తాయి.

అయితే ఇంగ్లిష్ డిపార్ట్‌మెంట్‌కు ఇంకో దారిలో డబ్బు వస్తుంది. అమెరికాలో దాదాపు ప్రతి యూనివర్సిటీలోనూ డిగ్రీ మొదటి ఏడాది పిల్లలందరూ, ఇంజినీరింగ్ చదివేవాళ్లయినా, నర్సింగ్ చదివేవాళ్లయినా, వ్యాసం రాయడం నేర్పే ఒక కోర్సు తప్పక తీసుకోవాలి. ఒక్కో క్లాసులో ఇరవై మందో, ఇంకొంచెం ఎక్కువో. వేలమంది పిల్లలకు అన్ని క్లాసులు చెప్పాలంటే చాలామంది టీచర్లు కావాలి. ఆ పనిని ఎక్కువగా ఎంఏ, పీహెచ్‌డీ విద్యార్థుల చేత చేయిస్తారు. దాన్నే టీచింగ్ అసిస్టెంట్‌షిప్ అంటారు. మీ బంధువులకు చెప్పండి, గుమాస్తా పని కాదు, పాఠం చెప్పే పని. మీరు స్కూల్ అసిస్టెంట్, మీ అమ్మాయి టీచింగ్ అసిస్టెంట్. రేపు పీహెచ్‌డీకి అప్లై చేసినా, ఇక్కడికి వచ్చి కాలేజీలో చేరినా, అమెరికా క్లాసులో రెండేళ్లు పాఠం చెప్పిన అనుభవం దానికి పనికొస్తుంది.

అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో చాలాచోట్ల పీజీ కోర్సుల్లో 18 క్రెడిట్లు పూర్తయ్యేదాకా సొంతంగా క్లాసు అప్పగించరు. అలాంటి చోట మొదటి ఏడాది రైటింగ్ సెంటర్‌లో కూర్చోబెట్టి, పిల్లలు తెచ్చిన వ్యాసాలు దిద్దిస్తారు. జీతం మాత్రం ఇస్తారు. ఇంకొక మాట, పాఠం చెప్పేవాళ్లు కాబట్టి టోఫెల్ అనే ఇంగ్లిష్ పరీక్షలో మాట్లాడే భాగానికి ఎక్కువ మార్కులు అడుగుతారు. ఆ మార్కులు సరిపోయాయో లేదో, అక్కడికి వెళ్లాక మళ్లీ పరీక్ష పెడతారో అమ్మాయిని ఇప్పుడే కనుక్కోమనండి.

ఈ అసిస్టెంట్‌షిప్పులన్నీ ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ లోపు, సీటుతోపాటే ఒక కమిటీ కూర్చుని పంచేస్తుంది. ఆగస్టులో దిగి తలుపు తట్టేసరికి పంచడానికి ఏమీ మిగలదు. అందుకే “వెళ్లాక చూసుకుందాం” అనే మాట సాహిత్యం పిల్లల విషయంలో నమ్మకండి. నా దగ్గరికి వచ్చిన కుటుంబాల్లో ఆ మాట నమ్మి మొదటి ఏడాది ఫీజు కట్టి, రెండో ఏడాదికి పొలం అమ్మినవాళ్లున్నారు. చెబుతుంటే ఇప్పటికీ మనసు కష్టంగానే ఉంటుంది.

ఇక ఆ 18 వేల డాలర్లతో బతకగలదా? ఇది బంధువులు అడగని ప్రశ్న, కానీ మీరు అడగాల్సిన ప్రశ్న. ట్యూషన్ మాఫీ అన్నారు గానీ, స్టూడెంట్ ఫీజులని విడిగా ఉంటాయి. బస్సు, జిమ్, కంప్యూటర్, అంతర్జాతీయ విద్యార్థి ఫీజు ఇలాంటివి. అవి మాఫీలో లేకపోతే ఏడాదికి 1,600 డాలర్లు అనుకుందాం. హెల్త్ ఇన్సూరెన్సులో మీ వాటా 1,200 అనుకుందాం. పన్ను సంగతికొస్తే మనవాళ్లకు ఒక మేలు ఉంది. మాఫీ అయిన ట్యూషన్ మీద పన్ను లేదు. స్టైపెండ్ మీద ఉంది, కానీ భారత్-అమెరికా పన్ను ఒప్పందంలోని 21వ అధికరణం వల్ల మన విద్యార్థులు అక్కడి స్టాండర్డ్ డిడక్షన్ తీసుకోవచ్చు. చాలా దేశాల విద్యార్థులకు ఇది లేదు. పైగా ఎఫ్-1 అనే విద్యార్థి వీసా మీద మొదటి ఐదు క్యాలెండర్ సంవత్సరాలు సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ (అక్కడి పెన్షన్, వృద్ధుల వైద్య పథకాలు) కోతలు ఉండవు. అది 7.65 శాతం, అంటే ఈ జీతం మీద దాదాపు 1,377 డాలర్లు. పొరపాటున కోసేస్తే పేరోల్ ఆఫీసును అడిగి వెనక్కి తీసుకోవాలి. ఫెడరల్, రాష్ట్ర పన్నులు కలిపి 400 డాలర్లు పక్కన పెడదాం.

అన్నీ పోను 14,800 మిగిలాయి. జీతం తొమ్మిది నెలలే వచ్చినా తినాల్సింది పన్నెండు నెలలు. కాబట్టి పన్నెండుతో భాగిస్తే నెలకు 1,233 డాలర్లు. చిన్న ఊళ్లో ఇద్దరు ముగ్గురు కలిసి ఉంటే గదికి 500 నుంచి 600, వంట సామాను 250, ఫోనూ పుస్తకాలూ కలిపి 100. అంటే 950 దాకా. ఇదే జీతం పెద్ద నగరంలో ఇస్తే చాలదు, చిన్న ఊళ్లో చాలుతుంది. నెలకు మిగిలే 250 పైన డాలర్లను వేరే ఖాతాలో వేసుకోమనండి. వేసవి సెలవుల్లో క్యాంపస్‌లోనే లైబ్రరీలోనో రైటింగ్ సెంటర్‌లోనో పని దొరికితే అప్పుడు ఫుల్‌టైమ్ చేసుకోవచ్చు. చదువు నడిచే రోజుల్లో వారానికి 20 గంటలే పరిమితి, ఆ ఇరవై గంటలూ అసిస్టెంట్‌షిప్‌కే సరిపోతాయి. బయట పెట్రోలు బంకులోనో, హోటల్లోనో దొంగచాటుగా చేసే పని జోలికి అస్సలు పోవద్దనండి. నెలకు నాలుగొందల డాలర్ల కోసం వీసా పోతుంది.

మీరు సర్దాల్సింది మొదటి రెండు నెలల డబ్బు. ఆగస్టులో దిగుతుంది, అక్కడ జీతానికి కావలసిన సోషల్ సెక్యూరిటీ నంబరు వచ్చి జీతం చేతికందేసరికి సెప్టెంబరు చివరో, అక్టోబరో అవుతుంది. వీసా ఫీజు 185 డాలర్లు, విదేశీ విద్యార్థుల నమోదుకు కట్టే సెవిస్ ఫీజు 350, రెండూ కలిపి 48 వేల రూపాయలు. టికెట్టు లక్ష. అద్దె, డిపాజిట్ కలిపి 1,200 డాలర్లు, రెండు నెలల ఖర్చు 1,200, మొదటి సెమిస్టర్ ఫీజులూ ఇన్సూరెన్సూ 1,400. అన్నీ కలిపితే 4 లక్షల 90 వేల దాకా వస్తుంది. ఇంకో 3 లక్షలు ముట్టుకోకుండా ఉంచండి, ఎప్పుడైనా ఉన్నపళంగా టికెట్టు కొని రావాల్సి వస్తే ఉంటుంది. ఈ 8 లక్షల్లో మీ చేతిలో ఎంతుందో చూసుకుని, తగ్గినదానికి అమ్మాయి పేరు మీద చిన్న ఎడ్యుకేషన్ లోన్ తీసుకోండి. ఏడున్నర లక్షల దాకా ఆస్తి తాకట్టు లేకుండా ఇచ్చే పథకం బ్యాంకుల్లో ఉంది. వీసాకు కావలసిన ఐ-20 పత్రం ఇవ్వడానికి యూనివర్సిటీ అడిగే ఆర్థిక రుజువులో అసిస్టెంట్‌షిప్ ఉత్తరమే ఎక్కువ భాగం తీరుస్తుంది. మిగతా కొంచెం బ్యాంకులో చూపించాలి. దానికి జీపీఎఫ్ కదపక్కర్లేదు.

ఒప్పుకునే ముందు ఆ ఉత్తరం అమ్మాయిని ఇంకోసారి చదవమనండి. రెండో ఏడాదికీ ఇస్తామని స్పష్టంగా ఉందా, లేక “నిధులుంటే” అని ఉందా? మార్కులు ఎంతకు తగ్గకూడదని ఉంది? విడి ఫీజుల్లో ఏవి మాఫీ? ఇన్సూరెన్సులో వాళ్ల వాటా ఎంత? వేసవిలో క్లాసులు చెప్పే అవకాశం ఎంఏ వాళ్లకు ఇస్తారా? ఇవన్నీ ఈమెయిల్లో అడిగి రాతలో జవాబు తీసుకోవాలి. అలా అడగడం అక్కడ మామూలే, మర్యాద తక్కువేం కాదు. ఇప్పుడున్న టీచింగ్ అసిస్టెంట్లు ఒకరిద్దరితో మాట్లాడించమని అడిగినా డిపార్ట్‌మెంట్ వాళ్లు కలుపుతారు.

ప్రైవేటు యూనివర్సిటీ వాళ్లు డిపాజిట్ కట్టమని తొందరపెడుతూ ఉండవచ్చు. కట్టకండి. అమెరికాలోని చాలా యూనివర్సిటీలు కౌన్సిల్ ఆఫ్ గ్రాడ్యుయేట్ స్కూల్స్ అనే యూనివర్సిటీల సంఘం తీర్మానానికి కట్టుబడి ఉన్నాయి. దాని ప్రకారం అసిస్టెంట్‌షిప్ లాంటి సాయానికి ఏప్రిల్ 15 కన్నా ముందే జవాబు చెప్పమని విద్యార్థిని బలవంతపెట్టకూడదు. మీ స్టేట్ యూనివర్సిటీ ఆ జాబితాలో ఉందో లేదో చూసుకుంటే, ఉత్తరంలోని అనుమానాలన్నీ తీర్చుకోవడానికి అమ్మాయికి టైమ్ దొరుకుతుంది.

ఎంఏ తర్వాత పీహెచ్‌డీ సంగతి. అక్కడ మంచి యూనివర్సిటీల్లో ఇంగ్లిష్ పీహెచ్‌డీకి తీసుకునేది కొద్దిమందినే, కానీ తీసుకున్నవాళ్లకు సాధారణంగా ఐదేళ్లపాటు ఫీజు, స్టైపెండ్, ఇన్సూరెన్స్ ఇస్తారు. అమ్మాయికి పేరున్న చోటు కావాలంటే పీహెచ్‌డీ అప్పుడు వెళ్లవచ్చు, అప్పుడు వాళ్లే డబ్బిచ్చి చదివిస్తారు. ఈ మధ్య ఈ సీట్లు కొన్ని చోట్ల తగ్గిస్తున్నారు కాబట్టి దాని మీదే ఆశ పెట్టుకోకుండా, ఇక్కడ యూజీసీ నెట్ కూడా రాయించండి. జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే నెలకు 37 వేలు, రెండేళ్ల తర్వాత 42 వేలు, పైన హెచ్‌ఆర్‌ఏ. హైదరాబాద్‌లోనే ఇఫ్లూ (ఇంగ్లిష్, విదేశీ భాషల యూనివర్సిటీ), సెంట్రల్ యూనివర్సిటీ ఉన్నాయి.

స్టేట్ యూనివర్సిటీ నుంచి ఆ ఈమెయిల్ జవాబులు వచ్చాక, ఉత్తరంతోపాటు నాకు పంపండి మాస్టారూ. నేను ఊహించి వేసిన 1,600, 1,200 చోట అసలు అంకెలు పెట్టి ఇంకోసారి లెక్క చూద్దాం. విడి ఫీజులన్నీ కలిపి ఏడాదికి 4 వేల డాలర్లు దాటితే మాత్రం, ఒప్పుకునే ముందు ఆ మొత్తం తగ్గించగలరా అని డిపార్ట్‌మెంట్‌ను అమ్మాయి చేత అడిగించాలి.