అద్దె ఇంటి ఏసీల గురించి అబ్బాయికి ఉత్తరం

చిరంజీవి మాధవకు పెదనాన్న ఆశీస్సులు.

విజయవాడ ఇంట్లోని రెండు పోర్షన్లనూ ఏసీలతో సహా అద్దెకిస్తున్నానని, వాటి మరమ్మతుల సంగతి ఒప్పంద పత్రంలో ఎలా రాసుకోవాలో చెప్పమని అడిగావు. కేంద్ర ప్రభుత్వం 2021లో రాష్ట్రాలకు నమూనాగా పంపిన అద్దె చట్టంలో కట్టడపు మరమ్మతులు, నీటి పైపులు, వైరింగు యజమాని వంతుకు, గీజరు, స్విచ్చుల వంటి విద్యుత్ సామగ్రి బాగుచేయించడం అద్దెకున్నవారి వంతుకు వచ్చాయి. ఇద్దరూ వేరుగా రాసుకునే వీలు కూడా అందులో ఉంది. ఆ జాబితా చూపించి ఏసీల భారమంతా వారి మీదికి నెట్టవద్దు. ఏసీ ఉన్నందుకే నీవు అద్దె ఎక్కువ తీసుకుంటున్నావు, వారు ఖాళీ చేసి వెళ్ళినా ఆ యంత్రం నీ గోడకే ఉంటుంది. ఫిల్టర్లు కడుక్కోవడం, తమ చేతిలో పాడైనదాన్ని బాగుచేయించడం వారి వంతనీ, ఏటా సర్వీసింగు, చల్లబరిచే గ్యాసు, అది తిరిగే గొట్టాల చుట్ట అయిన కాయిల్, దాన్ని నొక్కి తిప్పే కంప్రెసర్ నీ వంతనీ స్పష్టంగా రాయించు. వేసవిలో రెండు వారాలకొకసారి ఫిల్టర్లు కడగాలని పత్రంలో రాస్తే సరిపోదు, చేరిన రోజునే దగ్గరుండి చూపించాలి.

సర్వీసింగు శివరాత్రి నాటికే చేయించు. ఉగాది దాటాక మంచి మెకానిక్ దొరకడం కష్టం, దొరికినా హడావిడిగా ముందు జాలీ మీద నీళ్ళు కొట్టి వెళ్ళిపోతాడు. బయటి యూనిట్ కాయిల్ కూడా శుభ్రం చేయించి, నీరు పోయే గొట్టంలో పాచి పేరుకోకుండా చూడమను. గదిలో నీళ్ళు కారుతున్నాయన్న ఫిర్యాదుల్లో చాలావాటికి ఆ గొట్టమే కారణం.

అన్నిటికన్నా ముఖ్యం గ్యాసు విషయం. "గ్యాసు తగ్గింది, నింపాలి" అని మెకానిక్ అన్నప్పుడు, అది ఎక్కడినుంచి పోయిందో చూపించమని అడుగు. గ్యాసు పెట్రోలులాగా ఖర్చయ్యేది కాదు. మూసి ఉన్న గొట్టాల్లోనే తిరుగుతూ గదిలోని వేడిని బయటికి మోస్తుంది, కాబట్టి తగ్గిందంటే ఎక్కడో కారుతున్నట్టే. నైట్రోజన్ ఒత్తిడి పెట్టి, జాయింట్ల దగ్గర సబ్బు నురగతో లీకు పట్టుకుని, దాన్ని మూసి, వాక్యూమ్ పంపుతో గాలినీ తేమనూ లాగేసిన తరువాత, యంత్రం మీద అచ్చువేసిన గ్యాసు బరువు ప్రకారం తూచి నింపాలి. ఇవేవీ చేయకుండా ఏటా నింపించుకుంటూ పోతే డబ్బు పోతుంది, కంప్రెసర్ కూడా పోతుంది. చల్లదనం తగ్గడానికి మూసుకుపోయిన ఫిల్టరు చాలు. ముందు దాన్ని చూడనివ్వు.

పై పోర్షన్‌లోని పాత ఏసీ ఆర్-22 గ్యాసుదని రాశావు. ఓజోన్ పొరకు హాని చేస్తుందన్న కారణంగా మాంట్రియల్ ఒప్పందం కింద 2030 నాటికి మన దేశం దాని తయారీనీ దిగుమతినీ దాదాపు పూర్తిగా ఆపేయాలి. దాని కాయిల్ కారడం మొదలైతే డబ్బు తగలేయక మార్చేయి. ఇప్పటి ఏసీల్లో ఎక్కువగా కనిపించే ఆర్-32 గ్యాసును అందులో నింపుతామని ఎవరైనా అంటే ఒప్పుకోకు: దాని ఒత్తిడి చాలా ఎక్కువ, కొద్దిగా మండే గుణమూ ఉంది, ఆ యంత్రం దానికోసం తయారైనది కాదు. మార్చేటప్పుడు లోపలి యూనిట్, బయటి యూనిట్, రాగి గొట్టాలు అన్నీ కొత్తవే వేయించు. కరెంటు బిల్లు కట్టేది అద్దెకున్నవారే కదా అని కొందరు యజమానులు తక్కువ స్టార్ల ఏసీ కొంటారు. అది నాకు న్యాయంగా తోచదు. స్టార్లతో పాటు లేబుల్ మీద ఉండే సంవత్సరం కూడా చూడు, ఎందుకంటే ప్రమాణాలు పెంచినప్పుడల్లా పాత అయిదు స్టార్లు కొత్త లెక్కలో తగ్గిపోతాయి. పై అంతస్తు స్లాబ్ ఎండకు కాగుతుంది గనుక అక్కడ ఒక టన్ను సామర్థ్యం ఉన్న ఏసీ చాలదు, ఒకటిన్నర టన్నులది తీసుకో. దానికి విడిగా వైరు, కరెంటు ఎక్కువైతే తనంతట తానే ఆపేసే ఎంసీబీ స్విచ్చు, సరైన ఎర్తింగ్ ఉండాలి.

కింది పోర్షన్‌లో చేరే కుటుంబంలో పెద్దావిడ, పసిబిడ్డ ఉన్నారన్నావు. మే నెలలో ఏసీ ఆగిపోయి మరమ్మతు రెండు రోజులు ఆలస్యమయ్యేలా ఉంటే, వారు అడగకముందే ఒక కూలరు పంపించు, ఆ ఖర్చు నీదేనని ఒప్పంద పత్రంలోనే రాసి ఉంచు.

ఇట్లు,
మీ పెదనాన్న