మార్పుకు తట్టుకునే మోడల్: డిజైన్ విభాగంలో చేరిన మేనకోడలికి లేఖ

చిరంజీవికి,

ఆశీస్సులు. డిజైన్ విభాగంలో చేరగానే పాత గేర్‌బాక్స్ హౌసింగ్ మోడల్ ఒకటి నీకు అప్పగించి గోడ మందం మార్చమన్నారని, ఆ ఒక్క అంకె మార్చేసరికి ఫీచర్ ట్రీ (మోడల్‌ను కట్టిన మెట్ల జాబితా) నిండా లోపం ఉందనే ఎర్ర గుర్తులు వచ్చాయని రాశావు. ఇంతకీ ఏ క్యాడ్ (కంప్యూటర్‌లో డిజైన్ గీసే) సాఫ్ట్‌వేర్ నేర్చుకుంటే మంచిదని కూడా అడిగావు. ఆ ప్రశ్నకు జవాబు చిన్నదే: మీ విభాగంలో ఏది వాడుతున్నారో దాన్నే లోతుగా నేర్చుకో. సాలిడ్‌వర్క్స్, క్రియో, ఇన్వెంటర్, ఎన్‌ఎక్స్, కాటియాల మెనూలు వేరుగా ఉంటాయి గానీ, స్కెచ్ (గీతల చిత్రం), కన్‌స్ట్రెయింట్ (గీతలు పాటించాల్సిన నియమం), ఫీచర్ (మోడల్‌ను కట్టే ఒక్కో మెట్టు), ఏ ఫీచర్ దేనిమీద ఆధారపడిందన్న లెక్క అన్నిటిలోనూ ఒకటే. ఒకదానిలో ఇవి పట్టుబడితే రెండోదానికి మారడం పెద్ద కష్టం కాదు. ఎర్ర గుర్తుల సంగతే అసలైనది కాబట్టి దాని గురించి వివరంగా రాస్తాను.

1963లో ఇవాన్ సదర్లాండ్ ఎంఐటీలో స్కెచ్‌ప్యాడ్ అనే ప్రోగ్రామ్ తయారు చేశాడు. తెరమీద లైట్ పెన్‌తో గీతలు గీసి, ఈ రెండూ సమాంతరంగా ఉండాలని చెబితే ఆ నియమాన్ని ప్రోగ్రామే నిలబెట్టేది. మనం ఈ రోజు కన్‌స్ట్రెయింట్ అంటున్నది అదే. 1980ల చివరిలో ప్రో/ఇంజనీర్ అనే సాఫ్ట్‌వేర్ వచ్చాక ఈ పద్ధతి ఘనాకారాలకూ విస్తరించి, ఫీచర్ల వరుసగా మోడల్ కట్టడం పరిశ్రమలో స్థిరపడింది. అంటే నీ ఫైల్‌లో ప్రధానంగా ఉన్నది ఆకారం కాదు, ఆ ఆకారాన్ని మొదటి నుంచి మళ్లీ కట్టే ఆదేశాల వరుస. నువ్వు ఒక కొలత మార్చినప్పుడల్లా ఆ వరుస తిరిగి నడుస్తుంది, ప్రతి ఆదేశమూ తనకు ముందున్న ఏదో ఒక ముఖాన్నో, అంచునో వెతుక్కుంటుంది.

చిక్కంతా ఆ వెతుక్కోవడంలో ఉంది. ప్రతి ముఖానికీ అంచుకూ సాఫ్ట్‌వేర్ లోలోపల ఒక గుర్తింపు ఇస్తుంది. ముందున్న ఫీచర్ మారినప్పుడు ఒక ముఖం రెండుగా చీలిపోవచ్చు, ఒక అంచు పూర్తిగా మాయం కావచ్చు, లేదా పాత గుర్తింపు వేరొక ముఖానికి అంటుకోవచ్చు. అప్పుడు దానిమీద ఆధారపడిన రంధ్రం ఎర్రబడుతుంది, లేదంటే చప్పుడు చేయకుండా మరో చోటికి వెళ్లి కూర్చుంటుంది. ఈ రెండింటిలో రెండోదే ప్రమాదకరం, ఎందుకంటే అది ఎవరికీ కనబడదు. టోపోలాజికల్ నేమింగ్ సమస్య అని దీనికి పేరు. ఉచితంగా దొరికే ఫ్రీక్యాడ్‌ను ఇది ఏళ్ల తరబడి బాధించింది. 2024 నవంబరులో వచ్చిన దాని 1.0 వెర్షన్‌లో ఈ సమస్యను చాలావరకు తగ్గించారు, భాగాలను కలిపి కూర్చే అసెంబ్లీ వర్క్‌బెంచ్‌ను కూడా అందులోనే చేర్చారు. ఇంట్లో సాధన చేయడానికి నీకు అది బాగా పనికివస్తుంది. అయితే ఎంత ఖరీదైన సాఫ్ట్‌వేర్ అయినా ఈ సమస్యకు పూర్తిగా అతీతం కాదు.

ముందుగా నీ ముందున్న ఫైల్‌ను బాగుచేసే పద్ధతి చెబుతాను. అసలు ఫైల్‌ను అలాగే ఉంచి ఒక ప్రతి తీసుకో. రోల్‌బ్యాక్ గీతను (మోడల్‌ను ఏ ఫీచర్ వరకు కట్టాలో చూపే గీత) ట్రీ పైభాగానికి జరిపి, ఒక్కొక్క ఫీచర్‌ను దాటుతూ కిందికి రా. మొదట ఎర్రబడిన దానినే సరిచేయి, కింద ఉన్నవాటిని ముట్టుకోవద్దు. పై ఆధారం కుదురుకుంటే కింది లోపాలు చాలావరకు వాటంతట అవే పోతాయి. ఎర్రబడిన ఫీచర్‌ను తొలగించి కొత్తగా గీద్దామని అనిపించినా అలా చేయకు. దానిమీద ఆధారపడినవన్నీ దానితోపాటు తెగిపోతాయి కాబట్టి, ఫీచర్‌ను అలాగే ఉంచి అది పట్టుకున్న ఆధారాన్ని మాత్రమే మార్చు.

ఇక నువ్వు కొత్తగా కట్టే మోడళ్ల విషయం. స్కెచ్‌ను వీలైనంతవరకు మూలతలాలకో, నువ్వే ఏర్పరచుకున్న డేటమ్ (ఆధార) తలాలకో కట్టు. ఫిల్లెట్ (గుండ్రం చేసిన మూల) అంచును, చాంఫర్ (ఏటవాలుగా కోసిన మూల) అంచును ఆధారంగా ఎప్పుడూ తీసుకోవద్దు, ఎందుకంటే మార్పు వచ్చినప్పుడు ముందుగా పోయేవి అవే. అందుకే అలంకారపు ఫిల్లెట్లు, చాంఫర్లు ట్రీలో చివరగా ఉండాలని అంటారు. దీన్ని గుడ్డిగా పాటించడం మాత్రం నాకు నచ్చదు. పోతపోసే భాగంలోనైనా, మోల్డింగ్ భాగంలోనైనా షెల్ (లోపలంతా తొలిచి గోడ మాత్రం మిగల్చడం) చేయకముందే బయటి పెద్ద ఫిల్లెట్ వేయాలి. 4 మి.మీ. గోడకు బయట 10 మి.మీ. వ్యాసార్థం ముందే ఇస్తే, లోపల 6 మి.మీ. వ్యాసార్థం దానంతట అదే వచ్చి మూలలో కూడా గోడ మందం సమానంగా నిలుస్తుంది. ఫిల్లెట్‌ను చివరికి వాయిదా వేస్తే మూలలో లోహం పేరుకుపోతుంది, పోతలో అలాంటి చోట్ల లోపలి బోలు ఏర్పడే అవకాశం ఎక్కువ. డ్రాఫ్ట్ కోణం (అచ్చు నుంచి భాగం తేలిగ్గా బయటికి రావడానికి ఇచ్చే వాలు) కూడా ఫిల్లెట్‌కు ముందే రావాలి. ఏ ఫిల్లెట్ పనికోసం ఉన్నది, ఏది అందంకోసం ఉన్నది అన్న విచక్షణ ఉంటే వరుస దానంతట అదే తేలుతుంది.

స్కెచ్‌లను చిన్నవిగా ఉంచు, ప్రతిదానినీ పూర్తిగా నిర్ధారించు. సాలిడ్‌వర్క్స్‌లో పూర్తిగా నిర్ధారించిన గీత నల్లగా, ఇంకా స్వేచ్ఛ మిగిలినది నీలంగా కనిపిస్తుంది. నీలాన్ని పోగొట్టడానికి గీతను ఉన్నచోటే బిగించే ఫిక్స్ కన్‌స్ట్రెయింట్ వాడేవాళ్లు ఉన్నారు. అది నిర్ధారించడం కాదు, ఆలోచనను వాయిదా వేయడం మాత్రమే. పది రంధ్రాలు కావలసివస్తే స్కెచ్‌లో పది వృత్తాలు గీయకుండా, ఒక రంధ్రం చేసి ఫీచర్ స్థాయిలో ప్యాటర్న్ వాడు.

స్కెచ్‌లో కొలతలు ఎక్కడి నుంచి ఎక్కడికి ఇవ్వాలన్నది సాఫ్ట్‌వేర్ ఎన్నడూ చెప్పదు, భాగం చేసే పనే చెప్పాలి. నీ హౌసింగ్‌లో రెండు బేరింగ్ రంధ్రాలున్నాయి అనుకుందాం. ఒక్కొక్కదానికీ ఎడమ అంచు నుంచి కొలత ఇచ్చినా చిత్రం సరిగ్గానే కనిపిస్తుంది. కానీ గేర్లు సరిగ్గా కలవడానికి కావలసింది ఆ రెండు కేంద్రాల మధ్య దూరం. మాడ్యూల్ (గేరు పంటి పరిమాణం చెప్పే అంకె) 2, పళ్లు 20, 40 అయితే ఆ దూరం 60 మి.మీ. కాబట్టి మాడ్యూల్‌నూ పళ్ల సంఖ్యలనూ పేరున్న పారామీటర్లుగా పెట్టి, పళ్ల మొత్తాన్ని మాడ్యూల్‌తో గుణించి రెండుతో భాగించే సమీకరణంగా ఆ దూరాన్ని రాయి. రేపు 40 పళ్ల గేరు స్థానంలో 44 పళ్ల గేరు వస్తే రెండో రంధ్రం 64 మి.మీ. దగ్గరికి తనంతట తానే జరుగుతుంది. ఇంకొకరు ఫైల్ తెరిచినా, ఈ 60 ఎక్కడిదని ఎవరినీ అడగనక్కరలేదు. పారామీటర్‌కూ ఫీచర్‌కూ అర్థవంతమైన పేరు పెట్టడం కొన్ని క్షణాల పని. సాఫ్ట్‌వేర్ తానే పెట్టిన కట్-ఎక్స్‌ట్రూడ్ 37 అన్న పేరు చదివి దాని ఉద్దేశం ఊహించడానికి మాత్రం తరవాతివాళ్లకు చాలా సమయం పడుతుంది.

మోడల్ పూర్తయింది అనుకున్నాక దానిని పరీక్షించు. ముఖ్యమైన కొలతలను ఒక్కొక్కటిగా పదో ఇరవయ్యో శాతం పెంచి, తగ్గించి, ప్రతిసారీ మొత్తం మోడల్‌ను తిరిగి నిర్మించు. సాలిడ్‌వర్క్స్‌లో కంట్రోల్, బి నొక్కితే మారినవి మాత్రమే తిరిగి లెక్కకు వస్తాయి, కంట్రోల్, క్యూ నొక్కితే అన్ని ఫీచర్లూ వస్తాయి. ఈ పరీక్షకు రెండోదే కావాలి. ఎక్కడ విరిగితే అక్కడ ఆధారం బలహీనంగా ఉన్నట్టు. నీ చేతిలో ఉన్నప్పుడే విరిగితే బాగుచేయడం తేలిక.

అసెంబ్లీల్లో ఇంకొక జాగ్రత్త అవసరం. ఒక భాగపు అంచును చూసి పక్క భాగాన్ని అక్కడికక్కడే గీసే సౌకర్యం చాలా ఆకర్షణీయంగా ఉంటుంది. అలా పది భాగాలు ఒకదానినొకటి పట్టుకున్నాక ఏది దేన్ని నడుపుతోందో ఎవరూ చెప్పలేరు, ఆధారాలు చుట్టూ తిరిగి మొదటికే వచ్చే ప్రమాదమూ ఉంది. దానికి బదులు అక్షాలు, తలాలు, ముఖ్యమైన కొలతలు మాత్రమే ఉండే స్కెలిటన్ ఫైల్ ఒకటి పెట్టుకుని, అన్ని భాగాలనూ దాని నుంచే నడిపించు. ఆధారం ఎప్పుడూ పైనుంచి కిందికే రావాలి. కొని తెచ్చే బోల్టులు, బేరింగులు, మోటార్ల మోడళ్లలో లోపలి వివరాలన్నీ తీసేసి బయటి ఆకారాన్ని, బిగించే చోట్లను, బరువును మాత్రం ఉంచు. స్క్రూ మరల మెట్లను అచ్చంగా గీయకుండా, వాటిని గుర్తుగా మాత్రమే చూపే కాస్మెటిక్ థ్రెడ్ వాడు. ఫీచర్లు ఒకదాని తరవాత ఒకటిగా లెక్కకు వస్తాయి కనుక ప్రాసెసర్‌లో కోర్ల సంఖ్యకన్నా ఒక్కో కోర్ వేగమే ఎక్కువ అక్కరకు వస్తుంది. కంప్యూటర్ గురించి నేను చెప్పదలచింది అంతే.

వెర్షన్ల విషయాన్ని తేలిగ్గా తీసుకోకు. ఎయిర్‌బస్ ఏ380 కథ మన వృత్తిలో ప్రతివాళ్లూ తెలుసుకోవలసినది. హాంబర్గ్‌లో కాటియా వీ4, టూలూజ్‌లో వీ5 వాడారు. ఒక్కో విమానంలో 500 కిలోమీటర్లకు పైగా వైరింగ్ ఉంటే, ఒకచోట తయారైన వైరింగ్ మరొకచోట విమానంలో అమర్చేటప్పుడు సరిపోలేదు. 2006లో జాప్యాల మీద జాప్యాలు ప్రకటించవలసివచ్చింది, మొదటి విమానం కొనుగోలుదారుకు చేరేసరికి 2007 అక్టోబరు అయింది. సమన్వయ లోపాలు కూడా ఉన్నా, రెండు వెర్షన్ల మధ్య పొంతన లేకపోవడం అందులో పెద్ద కారణం. కాబట్టి ప్రాజెక్టు నడుమ వెర్షన్ మార్చవద్దు. బయటి సంస్థతో కలిసి పనిచేసేటప్పుడు ఎవరు ఏ వెర్షన్ వాడతారో మొదటి రోజే రాతపూర్వకంగా నిర్ణయించుకో. సాలిడ్‌వర్క్స్ 2024 నుంచి ఫైల్‌ను రెండు విడుదలల వెనకటి వెర్షన్ వరకు సేవ్ చేసే వీలు వచ్చింది. ఎన్నో ఏళ్లుగా అందరూ కోరుకున్నది ఇది.

సాఫ్ట్‌వేర్లే వేరైనప్పుడు స్టెప్ ఫైల్ (వేర్వేరు సాఫ్ట్‌వేర్లు చదవగల ఉమ్మడి రూపం) వాడాలి. అందులో ఏపీ242 అనే రకాన్ని ఎంచుకుంటే ఆకారంతోపాటు టాలరెన్సుల (కొలతలో అనుమతించే తేడాల) సమాచారాన్నీ పంపవచ్చు. అయితే మామూలుగా పంపే స్టెప్‌లో ఫీచర్ ట్రీ ఉండదు, కనుక దాచుకోవడానికి అసలు ఫైల్‌నే దాచు. త్రీడీ ప్రింటింగ్‌కు ఎక్కువగా వాడే ఎస్‌టీఎల్ ఫైల్‌లో కొలత ప్రమాణం (యూనిట్) అన్నదే ఉండదు: నువ్వు మిల్లీమీటర్లలో పంపింది అవతల అంగుళాలుగా తెరుచుకుంటే భాగం 25.4 రెట్లు పెద్దదవుతుంది. బయటి నుంచి ఏ ఫైల్ వచ్చినా ముందుగా మొత్తం పొడవు, ఘనపరిమాణం, ద్రవ్యరాశి చూసి, అవి పంపినవాళ్ల అంకెలతో కలుస్తున్నాయో లేదో సరిచూసుకో.

డ్రాయింగ్ దగ్గర నేను కొంచెం కఠినంగా ఉంటాను. కొలతపై నొక్కి అంకెను చేత్తో మార్చడం ఏ పరిస్థితిలోనూ చేయకు. అంకె తప్పని తేలితే మోడల్‌ను సరిచేయి, కొలత దానంతట అదే మారాలి. మోడల్‌లో షాఫ్టూ రంధ్రమూ రెండూ సరిగ్గా 20 మి.మీ. అని కనిపించినా, యంత్రశాలలో అసలు మాట్లాడేది టాలరెన్సే. రంధ్రం, షాఫ్ట్ ఎంత వదులుగా కలవాలో చెప్పే ఐఎస్ఓ గుర్తు హెచ్7/జి6 అని రాస్తే రంధ్రం 20.000 నుంచి 20.021 వరకు, షాఫ్ట్ 19.980 నుంచి 19.993 వరకు ఉండవచ్చు. అంటే ఖాళీ కనీసం 7 మైక్రాన్లు, గరిష్ఠంగా 41 మైక్రాన్లు. అవసరం లేని చోట బిగువైన టాలరెన్స్ ఇచ్చి తయారీ ఖర్చు పెంచకు. మీ టైటిల్ బ్లాకును (డ్రాయింగ్ మీది వివరాల పెట్టెను) కూడా ఒకసారి గమనించు. పాత టెంప్లేట్లలో సాధారణ టాలరెన్సుల ప్రమాణమైన ఐఎస్ఓ 2768-ఎంకే అని ఉంటుంది. అందులో జ్యామితీయ టాలరెన్సులకు సంబంధించిన రెండో భాగాన్ని 2021లో ఉపసంహరించి, దాని స్థానంలో ఐఎస్ఓ 22081 తెచ్చారు. ఏది పాటించాలో మీ విభాగాధిపతిని అడిగి నిర్ణయింపజెయ్యి. అలాగే డ్రాయింగ్ ఐఎస్ఓ ప్రకారమా, అమెరికా ప్రమాణమైన ఏఎస్‌ఎంఈ వై14.5 ప్రకారమా అన్నది దానిమీదే స్పష్టంగా ఉండాలి. ఏఎస్‌ఎంఈలో పరిమాణపు టాలరెన్స్ రూపాన్నీ కట్టడి చేస్తుంది. ఐఎస్ఓలో మాత్రం ప్రత్యేకంగా అడిగితే తప్ప రెండూ దేనికది స్వతంత్రం. ఒకే అంకెకు రెండు అర్థాలున్న కాగితాన్ని యంత్రశాలకు పంపకూడదు.

తయారీ గురించి ఒక్క ఉదాహరణ చెప్పి ముందుకు వెళ్తాను. మిల్లింగ్‌లో చేసే లోతైన గుంట లోపలి మూల వ్యాసార్థం, కట్టర్ వ్యాసార్థంకన్నా కాస్త పెద్దదిగా ఉండాలి. 10 మి.మీ. వ్యాసమున్న కట్టర్‌తో పని జరుగుతుందని తెలిస్తే మూలకు 5 కాకుండా 6 మి.మీ. ఇవ్వు, కట్టర్ మూలలో ఆగి కొట్టుకోకుండా సాఫీగా తిరుగుతుంది. ఇలాంటివి ఏ కట్టర్లున్నాయో తెలిసిన యంత్రశాలవాళ్లనే అడుగు.

పాత ద్విపరిమాణ (2డీ) డ్రాయింగులు నీ దగ్గరికి ఆటోక్యాడ్‌లో వస్తే, ముందుగా ఆడిట్, తరవాత ఓవర్‌కిల్, పర్జ్ అనే ఆదేశాలు నడిపించు. ఫైల్ లోపాలు, ఒకదానిమీద ఒకటి పడిన గీతలు, వాడని బ్లాకులు తొలగిపోతాయి. ఎక్స్‌రెఫ్‌లకు (డ్రాయింగుకు జోడించిన బయటి ఫైళ్లకు) రిలేటివ్ పాత్ పెట్టు, లేకపోతే ఫోల్డర్ జరపగానే అన్నీ తెగిపోతాయి.

స్కెచ్‌కు కన్‌స్ట్రెయింట్లు తనంతట తానే పెట్టడం, మోడల్ నుంచి డ్రాయింగ్ ముసాయిదా తయారు చేయడం వంటి కృత్రిమ మేధ సౌకర్యాలు ఇప్పుడు ఈ సాఫ్ట్‌వేర్లలోకి వస్తున్నాయి. వాటిని వాడు, వాటికి దూరంగా ఉండమని నేను అనను. కొలతలను తెరమీద పరచడం, వీక్షణలు అమర్చడం వంటి శ్రమ అవి తగ్గిస్తాయి. అయితే ఏ ముఖం దేనిని ఆనుకుని నిలుస్తుందో, ఏ కొలత తప్పితే యంత్రం ఆగిపోతుందో ఆకారాన్ని చూసి మాత్రమే చెప్పలేం కనుక, అవి పెట్టిన ప్రతి కన్‌స్ట్రెయింటునూ ఒకసారి చదివి, ఉండవలసిందో కాదో నువ్వే తేల్చు. బయటి ఇంటర్నెట్ సేవకు ఏ మోడల్‌నైనా ఎక్కించే ముందు మీ విభాగం నుంచి లిఖితపూర్వక అనుమతి తీసుకో. ఆ ఫైల్ మీ సంస్థది, చాలాసార్లు మీ సంస్థకు పని ఇచ్చినవాళ్లది కూడా.

హౌసింగ్ పని ఎంతవరకు వచ్చిందో రాయి. ట్రీలో మొదటి ఇరవై ఫీచర్ల పేర్లు, అవి దేనిమీద ఆధారపడ్డాయో కలిపి పంపితే తరవాత ఏం చేయాలో చెబుతాను.

ఇట్లు,
నీ మామయ్య