‘పెళ్లాం ఊరెళితే’ సినిమాలోలా భార్య ఊళ్లో లేకపోతే మగాళ్లు నిజంగానే పక్కచూపులు చూస్తారా?
అందరి సంగతీ నాకెందుకు గానీ మా ఆయన సంగతి చెప్తా.

2003లో ఆ సినిమా బెజవాడలో అత్తగారితో కలిసి చూశాం. శ్రీకాంత్, వేణు ఒక అబద్ధం చెప్పి దాన్ని కప్పడానికి ఇంకోటి చెప్తూ చెమటలు కక్కుతుంటే, మా ఆయన సీట్లోంచి జారిపోయేంతగా నవ్వారు. ఆ నవ్వు నేను మర్చిపోలేదు. మరుసటేడు కానుపుకి తెనాలి వెళ్లి, ఐదో నెలలో బిడ్డనెత్తుకుని తిరిగొచ్చేసరికి ఎదురింటావిడ మా ఆయన్ని చూసి నవ్వాపుకుంటోంది. ఈయనేమో తలొంచుకుని గబగబా లోపలికి. నా గుండెల్లో రాయి పడింది. రెండు రోజులు అన్నం సయించలేదు, సిగ్గు విడిచి చెప్తున్నా, చొక్కాలు కూడా వాసన చూశా.

మూడోరోజు పాలు కాస్తుంటే గిన్నె మరీ తళతళలాడుతోంది. అది మా అమ్మ సారెలో పెట్టింది, అంచు మీద మా ఇద్దరి పేర్లూ పెళ్లి తేదీ చెక్కించింది. పేర్లున్నాయి. తేదీ మాత్రం 22కి బదులు 24! అడిగితే “అరిగి అలా కనిపిస్తోందేమో” అన్నారు. రెండు అరిగితే నాలుగవుతుందా? అప్పుడు కక్కారు. పాలు పొయ్యి మీద పెట్టి క్రికెట్ చూస్తూ కూర్చున్నారట, గిన్నె అడుగు బొగ్గయిపోయిందట, మాడు వాసనకి ఎదురింటావిడ వచ్చి తలుపు బాదిందట. ఆవిడ నోరు మూయించడానికి పూతరేకులు, స్టీలు కొట్లో అలాంటిదే ఇంకో గిన్నె, దాని మీద పేర్లు. గిన్నె పోతే పోయింది, కొట్టువాడికి తేదీ చెప్పింది ఈయనే!

ఈ సినిమాల్లో పరాయి ఆడది ఒక సాకు, అసలు కథంతా పెళ్లాం అంటే భయమే. అందుకే 2002లో తమిళంలో ‘చార్లీ చాప్లిన్’గా వచ్చిన ఆ కథనే మనవాళ్లూ తీశారు, 2005లో హిందీవాళ్లూ ‘నో ఎంట్రీ’ అని తీశారు. నాకు మండేది ఇంకోటి. 1996లో వచ్చిన ‘ఇంట్లో ఇల్లాలు వంటింట్లో ప్రియురాలు’లో వెంకటేష్ ఇద్దరి మధ్యా నలిగిపోతుంటే హాలంతా అతన్ని చూసి అయ్యో పాపం అంది, సౌందర్యని తల్చుకున్నవాళ్లు లేరు. ‘మొగుడు ఊరెళితే’ అని ఎవరైనా తీశారా? తీసినా ఏముంటుందిలెండి, ఈయన ఊరెళ్తే నేను పచ్చడన్నం తిని తొమ్మిదింటికే పడుకుంటా.

ఆ గిన్నె ఇప్పటికీ ఉంది. ప్రతి ఏడూ 22న ఇద్దరం గుడికెళ్తాం. 24న మాత్రం అందులో పరమాన్నం వండి ఆయన ముందు పెడతా. కిక్కురుమనకుండా తింటారు.